పిల్లల్ని పుస్తకం దగ్గరికి నడిపించిన పురా బెల్‌ప్రే

శనివారం వచ్చిందంటే అమెరికాలో మన ఇళ్ళల్లో హడావుడి అంతా ఇంతా కాదు. ఈత, డ్యాన్సు, లెక్కల క్లాసు, మధ్యలో కాస్త తీరిక దొరికితే ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీ. పిల్లలకు చదవడం అలవాటు చెయ్యాలని మేము నాలుగైదు కుటుంబాల వాళ్ళం కలిసి, ఆ లైబ్రరీలోనే వారానికో గంట వాలంటీర్లుగా కూర్చుందామనుకున్నాం. ఒక్కో పిల్లాడి పక్కన ఒక్కో పెద్ద మనిషి, చేతిలో ఒక పుస్తకం, అంతే. పని చిన్నదే. కానీ మొదటి రోజే పెద్ద చర్చ వచ్చి పడింది. స్కూల్లో వెనకబడకుండా ఇంగ్లీషు చదివిస్తే చాలు, అందులో తెలుగు కథలు కూడా కలిపితే పిల్లలు తికమకపడతారని కొందరన్నారు. ఇంట్లో మాట్లాడే భాషను చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలేసి రమ్మంటే, ఆ చోటు తనదని పిల్లాడికి ఎప్పటికైనా అనిపిస్తుందా అని ఇంకొందరన్నారు.

ఈ తర్జనభర్జన మనతో మొదలైంది కాదు. వందేళ్ళ కిందటే న్యూయార్క్‌లో ఒకావిడ ముందుకు ఇదే సమస్య వచ్చింది. ఆవిడ వాదనలు పెట్టుకోలేదు, కూర్చుని కథ చెప్పింది. ఆమె పేరు పురా బెల్‌ప్రే. అమెరికాలో పిల్లల పుస్తకాలతో పరిచయం ఉన్నవాళ్ళకు బాగా తెలిసిన పేరే అయినా, మన ఇళ్ళల్లో పెద్దగా వినపడదు. అందుకే ఆమె జీవితాన్ని ఇక్కడ చెప్పుకుంటున్నాం.

కరీబియన్ సముద్రంలోని పోర్టోరికో ద్వీపంలో, సిద్రా అనే ఊళ్ళో, పందొమ్మిదో శతాబ్దం ముగిసిపోతున్న రోజుల్లో పుట్టింది పురా. 1898 యుద్ధం తర్వాత స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతిలోకి వచ్చిన ద్వీపం అది. అక్కడి జనం మాట స్పానిష్, పాట స్పానిష్. పురా ఇంట్లో పెద్దవాళ్ళు కథలు చెప్పేవాళ్ళు. మన అమ్మమ్మలు ఏడు చేపల కథ చెప్పినట్టే వాళ్ళ అమ్మమ్మ మార్టినా అనే బొద్దింక, పెరెజ్ అనే ఎలుక పెళ్ళి కథ చెప్పేది. ఆ కథ ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, చెవిన పడి మనసులో నిలిచిపోయింది. చదువు చెప్పే పంతులమ్మ కావాలని పురా 1919లో పోర్టోరికో విశ్వవిద్యాలయంలో చేరింది.

ఆ మరుసటి ఏడు, 1920లో, అక్క ఎలీసా పెళ్ళికని న్యూయార్క్ వచ్చింది. పెళ్ళి చూసుకుని వెనక్కి పోదామనుకున్న మనిషి అక్కడే ఉండిపోయింది. పోర్టోరికో వాళ్ళకు 1917లోనే అమెరికా పౌరసత్వం వచ్చింది కాబట్టి వీసా బెంగ లేదు. కానీ పొట్టకూటి బెంగ అందరికీ ఒకటే. కొన్నాళ్ళు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది.

అప్పట్లో హార్లెంలోని 135వ వీధి లైబ్రరీకి ఎర్నెస్టీన్ రోజ్ అధికారిగా ఉండేవారు. చుట్టుపక్కల వీధుల్లో స్పానిష్ మాట వినపడడం, స్పానిష్ బోర్డులతో కొట్లు వెలవడం ఆవిడ గమనించారు. లైబ్రరీ నడిచేది ఊళ్ళో వాళ్ళ కోసమైతే, ఆ ఊళ్ళో భాష తెలిసిన మనిషి లోపల ఉండొద్దా అనుకున్నారు. మొదట ఎలీసాను అడిగారు. భర్త ఒప్పుకోకపోవడంతో ఎలీసా చెల్లెల్ని పంపింది. అలా 1921లో పురా సహాయకురాలిగా చేరింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉద్యోగం చేసిన మొట్టమొదటి పోర్టోరికో మహిళ ఆమే.

అక్కడ పిల్లల గదిలో కథలు చెప్పే గంట ఒకటి ఉండేది. ఆ గది ఆమెకు తెగ నచ్చేసింది. అయితే అల్మరాలన్నీ వెతికినా తను చిన్నప్పుడు విన్న కథ ఒక్కటీ కనపడలేదు. పోర్టోరికో జానపద కథలు ఆ అల్మరాల్లో లేనే లేవు. 1925లో లైబ్రరీ వాళ్ళ శిక్షణ తరగతుల్లో చేరినప్పుడు, కథ చెప్పమని అడిగితే ఆమె పెరెజ్, మార్టినాల కథే ఎత్తుకుంది. విన్నవాళ్ళు మెచ్చుకున్నారు. కాకపోతే ఒక చిక్కుంది. కథల గంటలో అచ్చయిన పుస్తకాల్లో ఉన్న కథలే చెప్పాలన్నది అక్కడి పద్ధతి. అచ్చు కాని తన కథలు చెప్పడానికి పురా ప్రత్యేకంగా అనుమతి సంపాదించింది. కథల గంటలో కొవ్వొత్తి వెలిగించడం, చివర్లో పిల్లలు మనసులో ఒక కోరిక కోరుకుని దాన్ని ఊదడం ఆ లైబ్రరీ ఆనవాయితీ. ఆ కొవ్వొత్తి వెలుగులో ఇప్పుడు అమ్మమ్మ కథలు కూడా చేరాయి.

1929లో ఆమెను 115వ వీధి శాఖకు మార్చారు. ఆ చుట్టుపక్కల పోర్టోరికో కుటుంబాలు పెరుగుతున్న కాలం. లైబ్రరీ అంటే ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే అన్న జంకు తల్లిదండ్రుల్లో ఉండేది. ఆ జంకు పోగొట్టడానికి పురా లైబ్రరీలో కూర్చుని ఎదురు చూడలేదు. చర్చిలకు, సంఘాల దగ్గరికి, జనం పోగయ్యే చోట్లకు తనే వెళ్ళింది. స్పానిష్‌లో, ఇంగ్లీషులో కథల గంటలు పెట్టింది. స్పానిష్ పుస్తకాలు తెప్పించింది. జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగను లైబ్రరీలోనే జరిపించింది. చేత్తో ఆడించే బొమ్మలు స్వయంగా తయారుచేసి కథలకు ప్రాణం పోసింది. పిల్లల వెనకాల తల్లులు, తల్లుల వెనకాల తండ్రులు లైబ్రరీ మెట్లెక్కారు.

1932లో పెరెజ్, మార్టినాల కథ పుస్తకంగా వచ్చింది. అల్మరాలో లేని పుస్తకం కోసం వెతికిన మనిషి చివరికి తనే రాసి ఆ ఖాళీ నింపింది. తర్వాత పులి, కుందేలు మొదలైన పాత్రలతో జానపద కథల సంపుటం కూడా ఇంగ్లీషులో తెచ్చింది.

1940లో సిన్సినాటిలో జరిగిన అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ మహాసభలో తన పని గురించి ప్రసంగించడానికి వెళ్ళినప్పుడు, నల్లజాతి సంగీతకారుడు క్లారెన్స్ కెమరాన్ వైట్‌తో పరిచయమైంది. 1943లో పెళ్ళి చేసుకున్నారు. ఆయనతో పాటు కచేరీలకు ఊళ్ళు తిరగడానికి, తన రాతపని చేసుకోవడానికి ఆమె లైబ్రరీ ఉద్యోగం మానేసింది. 1960లో భర్త పోయాక మళ్ళీ లైబ్రరీకి వచ్చింది. అప్పటికి న్యూయార్క్ మారిపోయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వలస వచ్చిన వేలాది పోర్టోరికో కుటుంబాల పిల్లలు బడుల్లో ఉన్నారు. స్పానిష్ పిల్లల నిపుణురాలిగా ఆమె శాఖ శాఖకూ తిరిగింది. 1968లో రిటైరయ్యింది. రిటైరయ్యాక హాయిగా ఇంట్లో కూర్చుందా అంటే, అదీ లేదు. సౌత్ బ్రాంక్స్ లైబ్రరీ ప్రాజెక్టులో చేరి, బొమ్మల పెట్టె పట్టుకుని మళ్ళీ పిల్లల మధ్యకు బయల్దేరింది. 1982లో న్యూయార్క్ మేయర్ కళా పురస్కారం అందుకుంది. అదే ఏడు జూలై 1న కన్నుమూసింది. 1996 నుంచి లాటినో రచయితలు, చిత్రకారుల పిల్లల పుస్తకాలకు ఆమె పేరిట పురస్కారం ఇస్తున్నారు.

ఈ జీవితంలో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆమె ఇంగ్లీషును తక్కువ చెయ్యలేదు, రెండు భాషల్లోనూ కథ చెప్పింది. సొంత ఇంటి కథ వినపడిన చోటికి పిల్లాడు మళ్ళీ వస్తాడు, మళ్ళీ వచ్చినవాడే పుస్తకం అందుకుంటాడు అన్న నమ్మకంతో నలభై ఏళ్ళకు పైగా తిరిగింది.

ఆమె గురించి చదువుకున్నాక మా వాదన ఒక కొలిక్కి వచ్చింది. గంటలో ముప్పావు వంతు పిల్లలు ఇంగ్లీషు పుస్తకం పైకి చదువుతారు, పక్కన కూర్చున్నవాళ్ళు తప్పు దిద్దడానికి తొందరపడకుండా వింటారు. మిగతా పావుగంట తెలుగు కథ. దానికి మాలో ఎవరమూ పనికిరాలేదు సుమా! ఆరు నెలలకని ఇండియా నుంచి వచ్చి, ఇంగ్లీషు రాక, కారు నడపడం రాక కిటికీ దగ్గర కూర్చునే మన అమ్మమ్మలు, తాతయ్యలే దానికి గురువులు. మొదటి వారం ఒక అమ్మమ్మగారు చేప ఎందుకు ఎండలేదో అడుగుతుంటే, తెలుగు సగమే అర్థమయ్యే పిల్లలు కూడా చీమ దాకా వచ్చేసరికి ఆవిడతో గొంతు కలిపారు. వీళ్ళకు చదువు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేం కానీ, మర్నాటి శనివారం గురించి అడిగింది మాత్రం పిల్లలే.

మీ ఊళ్ళోనూ మొదలుపెట్టాలని ఉంటే ముందు లైబ్రరీలో పిల్లల విభాగం వాళ్ళను కలవండి. వాలంటీర్ల వివరాలు అడుగుతారు, ఓపిగ్గా ఇవ్వండి. పిల్లలు తక్కువమంది వచ్చినా ప్రతి వారం అదే వేళకు తప్పకుండా వెళ్ళండి. అన్నట్టు, వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న అమ్మమ్మగారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళడం మర్చిపోకండి.