పారిస్ గోడ మీద ఒక గ్రీకు పేరు

పారిస్‌లో జార్జ్ మాందెల్ వీధి 36వ నంబరు ఇంటి గోడకు ఒక స్మారక ఫలకం ఉంది. ఒపెరా గాయని మారియా కాలస్ 1977 సెప్టెంబరు 16న, 53 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఇల్లది.

ఆమె 1923లో న్యూయార్కులో పుట్టారు. తల్లిదండ్రులు గ్రీసు నుంచి వలస వెళ్లినవారు. అక్కడివారికి నోరు తిరగాలని తండ్రి తమ పొడవాటి ఇంటిపేరును కాలస్‌గా కుదించారు. 1937లో తల్లి వెంట ఏథెన్స్ చేరి, ఎల్విరా డి హిడాల్గో వద్ద సంగీతం నేర్చుకున్నారు. 1947లో ఇటలీలోని వెరోనాలో పాడారు. తరువాత మిలాన్ నగరపు లా స్కాలాలో ప్రపంచ ఖ్యాతి పొందారు. 1966లో అమెరికా పౌరసత్వం వదులుకున్నారు. 1979లో ఆమె చితాభస్మాన్ని గ్రీసు పక్కనున్న ఏజియన్ సముద్రంలో కలిపారు.

ఫలకం మాత్రం పారిస్‌లో ఉంది. తరాలుగా బయటి రాష్ట్రాల్లో ఉన్న మనం కూడా, మన కళాకారుల ఇళ్లు కూలిపోకముందే ఒక్క పలకైనా పెట్టించుకోవాలి.