కలంతో కడలిని చేరిన రేచల్ కార్సన్

సముద్రానికి దూరంగా ఉన్న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, స్ప్రింగ్‌డేల్‌లో 1907 మే 27న రేచల్ కార్సన్ జన్మించారు. 1929లో వుడ్స్‌హోల్ సాగర ప్రయోగశాలకు వెళ్లినప్పుడే తొలిసారి కడలిని దర్శించారు. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర స్నాతకోత్తర విద్య పూర్తి చేశారు. ఆర్థిక ఇబ్బందులతో డాక్టరేట్ ఆశ వదులుకోవలసి వచ్చింది. 1935లో తండ్రి మరణంతో కుటుంబ భారం ఆమెపై పడింది. ప్రభుత్వ మత్స్యశాఖకు సముద్ర జీవులపై రేడియో ప్రసంగాలు రాస్తూ ఇల్లు నెట్టుకొచ్చారు. 1936లో పోటీ పరీక్షలో ఉత్తీర్ణులై అదే శాఖలో జీవశాస్త్రవేత్తగా కొలువు సాధించారు. 1951లో వెలువడిన ‘ది సీ అరౌండ్ అస్’ గ్రంథం ఆమెకు ఖ్యాతి తెచ్చింది. మరుసటి ఏడాది ఉద్యోగం వీడి రచనకే అంకితమయ్యారు. పురుగుమందుల ముప్పును 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’లో వివరించారు. కేన్సర్‌తో పోరాడుతూ 1964 ఏప్రిల్ 14న కన్నుమూశారు. చదువు మధ్యలో ఆగినా సాగర శాస్త్రంలో రాణించవచ్చని ఆమె జీవితం చాటుతోంది.