చక్కెర కవచం – ఓస్వాల్డ్ అవేరీ

ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో న్యుమోనియా సోకిన రోగి మంచం ప్రక్కన వైద్యుడు సైతం నిస్సహాయుడై నిలువవలసి వచ్చేది. ఆ వ్యాధిని కలిగించే న్యుమోకాకస్ అనే సూక్ష్మజీవి రహస్యాన్ని ఛేదించడానికి జీవితాన్ని ధారపోసిన మహనీయుడు ఓస్వాల్డ్ థియోడర్ అవేరీ.

ఆయన 1877 అక్టోబరు 21న కెనడాలోని హాలిఫాక్స్‌లో జన్మించారు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. పదేళ్ళ ప్రాయంలో కుటుంబంతో న్యూయార్క్ చేరారు. 1904లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందినా, నయం చేయలేని రోగులను చూస్తూ ఉండడం ఆయనకు తృప్తినివ్వలేదు. పరిశోధనవైపు మరలి, 1913లో రాక్‌ఫెల్లర్ సంస్థ ఆసుపత్రిలో చేరారు.

మన రక్తంలోని తెల్లకణాలు శరీరంలో ప్రవేశించిన సూక్ష్మజీవులను పట్టి మ్రింగివేస్తాయి. అయితే న్యుమోకాకస్ చుట్టూ ఒక జిగట కవచం ఉంటుంది. రక్తంలోని రక్షక ప్రోటీన్లు ఆ కవచం అడుగున చేరినా తెల్లకణాలకు అందవు. పట్టు దొరకని శత్రువు జారిపోతుంది. కవచం కోల్పోయిన న్యుమోకాకస్ మాత్రం ఇట్టే చిక్కిపోతుంది.

ఈ కవచ పదార్థం రోగుల రక్తంలోను, మూత్రంలోను కరిగి ఉంటుందని 1917లో అవేరీ, డోషే కలిసి కనుగొన్నారు. 1923లో హైడెల్‌బర్గర్‌తో కలిసి అది ప్రోటీన్ కాదని, చక్కెర అణువులు గొలుసుగా కూడిన పాలిసాకరైడ్ అని నిరూపించారు. రోగనిరోధక శక్తి ప్రోటీన్లను మాత్రమే గుర్తించగలదని నమ్మిన పండితులకు ఇది మ్రింగుడుపడలేదు. న్యుమోకాకస్ రకాన్నిబట్టి ఈ చక్కెర మారుతుంది. కనుకనే ఒక రకానికి తయారుచేసిన సీరం మరొక రకానికి పనిచేసేది కాదు.

ఆ కవచాన్ని ఛేదించేదెలా? ఫ్రాన్సు నుండి వచ్చిన యువకుడు రెనే డ్యుబో ఆయన ప్రయోగశాలలో ఈ పని చేపట్టారు. మూడవ రకం కవచపు చక్కెరను ఆరగించే ఒక మృత్తికా సూక్ష్మజీవిని న్యూజెర్సీలోని చిత్తడి నేలలో కనుగొన్నారు. దాని ఎంజైమును ఎలుకలకు ఎక్కించగా న్యుమోకాకస్ చావలేదు, కవచం మాత్రం ఊడిపోయింది. మిగిలిన పని తెల్లకణాలు చేశాయి. ఎలుకలు బ్రతికాయి! 1930లో వెల్లడైన ఈ చికిత్స మానవులకు అందకముందే సల్ఫా మందులు రంగప్రవేశం చేశాయి.

కవచం లేని సజీవ న్యుమోకాకస్‌ను, కవచం ఉన్న మృత న్యుమోకాకస్‌తో కలిపి ఎక్కిస్తే ఎలుకలు మరణిస్తున్నాయని 1928లో లండన్‌లో గ్రిఫిత్ ప్రకటించారు. మృతకణాల నుండి కవచవిద్య సజీవకణాలకు సంక్రమించిందన్నమాట! అవేరీ మొదట నమ్మలేదు. తీరా ఆ విద్యను మోసుకుపోయే పదార్థం డి.ఎన్.ఎ. అని 1944లో మెక్లియాడ్, మెకార్టీలతో కలిసి లోకానికి చాటినది ఆయనే. అప్పటికి ఆయన వయస్సు అరవై ఆరు. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. అది ఆ బహుమతికే లోటు.

అవివాహితుడుగానే జీవించిన అవేరీ 1955 ఫిబ్రవరి 20న నాష్‌విల్‌లో కన్నుమూశారు. పద్నాలుగు రకాల కవచపు చక్కెరలతో రూపొందిన న్యుమోకాకస్ టీకాకు 1977లో అమెరికాలో అనుమతి లభించింది.