కాలువ గట్టున కన్నీళ్ళు తుడిచిన క్లౌ దొరగారు



తిరువళ్ళూరులో గాని, తిరుత్తణిలో గాని మన సహవాసంలోని ఒక ఇంట మరణం సంభవిస్తే మొదటి రోజు ఇల్లు పట్టనంతమందిమి వెళ్తాము. సమాధి కార్యక్రమం ముగుస్తుంది. ఆదరణ కూడికలో పాటలు పాడతాము, వాక్యం వింటాము, భోజనం చేసి ఎవరిళ్ళకు వారము వచ్చేస్తాము. నెల తిరిగేసరికి ఆ ఇంటి తలుపు తట్టేవారు ఉండరు. సొంత ఊళ్ళో అయితే పక్కింటి పెద్దమ్మో, ఎదురింటి మామయ్యో రోజూ పలకరిస్తారు. బ్రతుకుతెరువు కోసం వచ్చి అద్దె ఇంట్లో ఉన్న విధవరాలిని ఎవరు పలకరిస్తారు? ఈ ప్రశ్న మనలను కొంతకాలంగా బాధిస్తున్నది. అందుకే ఈ సంచికలో క్లౌ దొరగారి జీవితాన్ని ఆ వైపు నుండి తలచుకోవాలనుకున్నాము.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. యౌవనంలో భూములు కొలిచే సర్వేయర్లతో కలిసి పనిచేశారు. ఆ గొలుసు పట్టిన పని ఒకనాడు వేలమందికి అన్నం పెడుతుందని అప్పుడు ఆయనకు తెలియదు. 1864 నవంబరులో డాక్టర్ జ్యూయెట్‌గారితో కలిసి, భార్య హారియెట్ దొరసానితో ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసు రేవులో దిగారు. కొంతకాలం నెల్లూరులో ఉండి తెలుగు నేర్చుకొని 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరారు. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యగారు, ఆయన భార్య నాగమ్మగారు ఆ ఏడే బాప్తిస్మం పొందారు. తోళ్ళ వ్యాపారం చేసుకునే పేరయ్యగారి ద్వారా మాదిగపల్లెల్లో సువార్త ఒక ఇంటి నుండి మరొక ఇంటికి పాకింది. ఇదంతా మనం సండే స్కూలు నాటి నుండి విన్నదే.

దాని తరువాత వచ్చిన కరువును గురించి మాత్రం మనం తక్కువగా చెప్పుకుంటాము. 1876లో వానలు మొగం చాటేశాయి. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువును మన చుట్టూ ఉన్న తమిళులు నేటికీ తాదు వరుషపు పంజం అంటారు. మద్రాసు రాజధానిలోని అనేక జిల్లాలు ఒకదాని వెంట ఒకటి మాడిపోయాయి. అప్పట్లో తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, తిరువళ్ళూరు చెంగల్పట్టు జిల్లాలోను ఉండేవి. ఆ రెండూ కరువు దెబ్బ తిన్నవే. 1856 నాటికే తిరువళ్ళూరు మీదుగా రైలు నడుస్తున్నది గనుక ఓడల్లో వచ్చిన ధాన్యం ఆ పట్టాల మీదనే లోపలి జిల్లాలకు వెళ్ళింది. ధాన్యం ఉన్నా కొనే డబ్బు పేదవారి చేతిలో లేదు. 1877లో కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా మాత్రమే ఇవ్వాలని ప్రభుత్వం తగ్గించింది. ఎండలో మట్టి మోసే మనిషికి అది ఏ మూలకు? 1878 వరకు సాగిన ఆ కరువులో దేశం మొత్తం మీద యాభై లక్షలకు పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా.

ఆ రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకం జరుగుతున్నది. గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. క్లౌగారు దొరతనంవారి వద్దకు వెళ్ళి ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ పని కంట్రాక్టుకు తీసుకున్నారు. లాభం కోసం కాదు. ఇతర చోట్ల మేస్త్రీల తిట్లకు, దెబ్బలకు, కోతలకు భయపడి వచ్చినవారు పని మానుకొని వెళ్ళిపోతున్నారు. తమ బోధకులనే మేస్త్రీలుగా పెడితే కూలి సక్రమంగా చేతికి అందుతుందని ఆయన తలంపు. సర్వే పని నేర్చిన చేయి గనుక కొలతలు ఆయనకు కొత్త కాదు. తాటాకు గుడిసెలు లేచాయి. క్రైస్తవులైనా కాకపోయినా, వచ్చిన ప్రతివారికి పని ఇచ్చారు.

ఆ గట్టు మీదకు వచ్చినవారు ఆకలితో మాత్రమే రాలేదని మనం గుర్తుంచుకోవాలి. దారిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి, భర్తకు గుంట తీసే శక్తి కూడా లేక నడిచి వచ్చిన ఇల్లాలు, అమ్మా నాన్నా ఎవరో చెప్పలేని పిల్లవాడు అటువంటి జనంలో ఎంతమంది ఉండి ఉంటారు! వచ్చాక కలరా ఆ గుడిసెల్లోకి కూడా జొరబడింది. నిన్న పక్కన తట్ట మోసిన మనిషి ఈ రోజు లేడు. అటువంటి చోట బోధకులు చేసిన పని చాలా సాదాది. తమ గుంపులోని వారు ఎండకు అలసి కూర్చున్నప్పుడు వారి మధ్య కూర్చొని వారి బాధ విన్నారు. ప్రయాసపడి భారం మోసేవారిని యేసు ప్రభువు పిలిచిన పిలుపును మరల మరల చెప్పారు. కూలి లెక్క చూసే మనిషీ, కన్నీళ్ళు చూసే మనిషీ అక్కడ ఒక్కరే. అన్నం ఒకరు పెట్టి ఆదరణ ఇంకొకరు చెప్పడం కాదు. ఈ సంగతి మనం బాగా ఆలోచించవలసినది.

క్లౌగారు ఇంకొక కఠినమైన నిర్ణయం కూడా తీసుకున్నారు. కరువు సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మం ఇవ్వకూడదనుకొని సుమారు 15 నెలలు ఆపివేశారు. గింజల కోసం సంఘంలో చేరారన్న మాట రాకూడదని, దుఃఖంలో ఉన్నవాని బలహీనతను వాడుకోకూడదని ఆయన పట్టుదల. అడిగి అడిగి నిరాశతో తిరిగి వెళ్ళినవారి మనసు ఎంత నొచ్చుకొని ఉంటుందో కూడా మనం ఊహించగలము.

1878 నడిమికి పరిస్థితి కొంచెం కుదుటపడింది. క్లౌగారు బోధకులను వెల్లంపల్లికి రమ్మని, క్రైస్తవులను మాత్రమే వెంటబెట్టుకు రమ్మని కబురు పంపారు. ఆ మాట ఎవరూ వినలేదు. గుంపులు గుంపులుగా జనం వచ్చారు. తమకు డబ్బు సాయం వద్దని, పని చేసి బ్రతుకుతామని చెప్పి, బొబ్బలెక్కిన అరచేతులు చూపించారు. మళ్ళీ పంట పోతే చనిపోతామని, అప్పుడు క్రైస్తవులుగానే చనిపోనివ్వమని వేడుకున్నారు. దొరగారు ఇక కాదనలేకపోయారు. జూలై 2, 3, 4 తేదీలలో గుండ్లకమ్మ ఏటిలో 3,536 మంది బాప్తిస్మం పొందారు. అందులో 3వ తేదీ ఒక్కరోజునే 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున ఏటిలో దిగి ఆ పని ముగించారు. డిసెంబరు నాటికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

ఈ అంకెలను మనం గర్వంగా చెప్పుకుంటాము. ఆ వేలమందిలో అయినవారిని పోగొట్టుకోని ఇల్లు బహుశా ఒక్కటీ లేదు. వారికి కావలసినది పేర్ల పట్టికలో ఒక చోటు కాదు. తాము చనిపోతే పూడ్చిపెట్టేవారు, బ్రతికితే పలకరించేవారు కావాలి. సంఘం అంటే వారికి మొదట అర్థమైనది అదే.

హారియెట్ దొరసాని 1893లో కన్నుమూశారు. మరుసటి ఏడు క్లౌగారు ఎమ్మా రౌషన్‌బుష్‌గారిని వివాహమాడారు. మాదిగ కుటుంబాల కథలను ఆమె పుస్తకంగా రాశారు. క్లౌగారు 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టరులో ప్రభువునందు నిద్రించారు. ఒంగోలులో ఆయన పేరు మీద వెలసిన ఆస్పత్రి ఎందరికో తెలిసినదే.

ఆ బకింగ్‌హాం కాలువ మనకు దూరం కాదు. పులికాట్ సరస్సు వైపు నుండి మన తిరువళ్ళూరు జిల్లాలోని పొన్నేరి ప్రాంతం గుండా అది చెన్నైకి వెళ్తుంది. మన పూర్వికులు కొందరు తవ్విన కాలువ ఒడ్డునే మనం బ్రతుకుతెరువు వెతుక్కుంటున్నాము. తిరుత్తణి 1960లో ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలో కలిసింది గనుక అక్కడ తెలుగు పాతదే. కాని కొత్తగా వచ్చినవారికి అది కూడా పరాయి ఊరే.

కాబట్టి ఒక మనవి. ఇకమీదట మరణం గాని, ప్రమాదం గాని జరిగిన ప్రతి ఇంటికి ఇద్దరు సహోదరీలు, ఒక సహోదరుడు బాధ్యత తీసుకుందాము. మొదటి వారం వంట మనది. రెండవ వారం మరణ ధృవీకరణ పత్రం, పింఛను, బ్యాంకు పనులకు వెంట వెళ్దాము. తమిళం చదవడం రానివారికి ఆ కాగితాలు చదివి చెబుదాము. ఆపైన ఏడాది పొడుగునా నెలకొకసారి తలుపు తట్టుదాము. ఎక్కువ మాట్లాడనక్కరలేదు. దేవుని చిత్తమని తొందరపడి చెప్పవద్దు, ఎందుకు ఏడుస్తావని అడగవద్దు. పక్కన కూర్చుంటే చాలు. నిద్రపట్టక, భయంతో ఉలిక్కిపడుతూ, తిండి మానేసి వారాల తరబడి ఉన్నవారిని ప్రార్థనతో సరిపెట్టక డాక్టరు దగ్గరకు కూడా తీసుకువెళ్దాము. అది విశ్వాసానికి తక్కువ కాదు. ఆ ఇల్లు మన సంఘానిది కాకపోయినా సరే వెళ్దాము. కాలువ గట్టున పని అడిగినవారిని క్లౌ దొరగారు ఏ సంఘమని అడగలేదు.

ఈ పనికి ముందుకు వచ్చేవారు వచ్చే ఆదివారం ఆరాధన తరువాత పెద్దల వద్ద పేర్లు ఇవ్వగలరు. మన ప్రార్థనలలో దుఃఖంలో ఉన్న ఇండ్లను పేరు పేరున తలచుకుందాము.