ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 - 1899 జూలై 24) బ్రిటిషు సైనికాధికారి మరియు నీటిపారుదల ఇంజనీరు. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాతగా ప్రసిద్ధుడు. గోదావరి జిల్లాలలో ఇతనిని కాటన్ దొర అని పిలుస్తారు.

తొలి జీవితం

ఇంగ్లాండులో జన్మించిన కాటన్ అడిస్కాంబ్ సైనిక పాఠశాలలో చదివి, 1821లో మద్రాసు చేరుకొన్నాడు. కావేరి డెల్టాలో పనిచేస్తున్నపుడు చోళుల కాలపు కల్లణైని నిశితంగా పరిశీలించాడు. ఇసుకలో రాళ్ళు వేసి, అవి దిగబడిన కొద్దీ మరిన్ని వేస్తూ పునాది కట్టవచ్చునని అక్కడే నేర్చుకొన్నాడు. ఈ పద్ధతిలోనే 1836లో కొల్లిడం నదిపై ఎగువ ఆనకట్టను ప్రారంభించాడు.

ధవళేశ్వరం

1833 నాటి కరువు, 1839 నాటి తుఫాను తరువాత గోదావరి డెల్టా దీనస్థితిలో ఉండెను. వేసవిలో నీరు లేదు, వర్షాకాలంలో వరద ఆగదు. కాటన్ 1844లో నివేదిక సమర్పించగా, 1847లో పని మొదలై 1852లో పూర్తయినది. మధ్యలో అనారోగ్యం వలన కాటన్ 1848లో సెలవుపై వెళ్ళగా, ఛార్లెస్ ఓర్ పనిని కొనసాగించాడు.

మిగులు నీటిని ఎటు పంపాలన్నదే ఇక్కడి అసలు చిక్కు. లోతైన లోయలలోని జలాశయాలలో కొన్నిచోట్ల గరాటు ఆకారపు బావిని కట్టి, అంచు దాటిన నీటిని దాని గుండా సొరంగంలోనికి దింపుతారు. అయితే గరాటు గొంతు నిండిన తరువాత నీరెంత పెరిగినా ప్రవాహం పెద్దగా పెరగదు. పైగా దానికి ఎత్తు కావాలి. ధవళేశ్వరంలో ఎత్తు లేదు, వెడల్పు మాత్రం ఉంది. లంకలతో కలిపి నది అక్కడ సుమారు 6 కిలోమీటర్లు. అందువలన కాటన్ వరదను ఆపే ప్రయత్నమే చేయలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, 12 అడుగుల ఎత్తున కట్టిన ఆనకట్ట మొత్తం ఒకే పొడవాటి కలుజు వంటిది. కాలువలకు చాలినంత మట్టం నిలిచి, మిగిలినది పైనుండి పొర్లి సముద్రానికి పోతుంది. ఇసుక మేట వేయకుండా ప్రక్కన తూములు ఏర్పరచారు. తరువాతి కాలంలో ఆనకట్ట మట్టం పెంచారు.

కోనసీమలో

గౌతమి, వసిష్ఠ పాయల మధ్యనున్న కోనసీమకు నీరిచ్చే మధ్య డెల్టా ప్రధాన కాలువ లొల్ల వద్ద చీలి, అమలాపురం, గన్నవరం వైపులకు సాగుతుంది. కొత్తపేట ప్రాంతం ఈ కాలువల క్రిందిదే. రాజోలు వైపు పోవడానికి మాత్రం వైనతేయ పాయ అడ్డు. దానిపై 1850లలో లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో 49 కమానుల గన్నవరం అక్విడక్టును కట్టారు. పైన కాలువ, క్రింద వరద. ఒకదానికొకటి అడ్డు రావు. తరువాత దీని ప్రక్కనే కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

చివరి రోజులు

1861లో కాటన్‌కు సర్ బిరుదు లభించింది. రైళ్ళ కంటే కాలువలే దేశానికి మేలని వాదించి ప్రభుత్వానికి కంటగింపయ్యాడు. 1878లో పార్లమెంటరీ సంఘం ఈ వాదనపై ఇతనిని విచారించింది. 1899లో డోర్కింగ్‌లో మరణించాడు.

పాత ఆనకట్ట స్థానంలో 1970 - 1982 మధ్య 175 గేట్లతో బ్యారేజీ నిర్మించి కాటన్ పేరే పెట్టారు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద దాని గుండా పోయింది. ఆ ఏడు గట్లు తెగి కోనసీమ లంకలు మునిగిపోయినవి.