డోర్నకల్ దేవాలయమును కట్టించిన దైవదాసుడు

బిలాస్‌పూరు వ్యాపార్ విహార్‌లో నివసించు తెలుగు సోదరులకు రైలు కూడలి యన్నది క్రొత్త సంగతి కాదు. కాజీపేట, విజయవాడల నడుమనున్న డోర్నకల్ కూడ అట్టి కూడలియే. అయితే ఆ చిన్న ఊరి పేరు లోకమెరుగుటకు కారణము బిషప్ అజరయ్యగారు, ఆయన కట్టించిన దేవాలయము.

వేదనాయకం సామువేలు అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై గ్రామమున ఒక గ్రామ పాదిరిగారి కుమారుడుగా జన్మించెను. 1903లో తోటి విశ్వాసులతో కూడి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించెను. ఆ సంఘపు సేవకులు నైజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమునకు వచ్చిరి. 1909లో గురువుగా అభిషేకము పొంది అజరయ్యగారును అచటికే వచ్చెను. తమిళము మాతృభాషయైనను తెలుగు నేర్చి, తెలుగువారిలో ఒకడాయెను.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో ఆయన నిర్భయముగా మాటలాడెను. విదేశీ సేవకులు తమ సొత్తును, ప్రాణమును సహితము ఇచ్చిరిగాని, భారతీయులకు ఇంకను స్నేహమును ఇయ్యవలసియున్నదని వేడుకొనెను. ఆ మాట అనేకులకు కటువుగా తోచెను. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే.

ఆయన మందలో అధికులు మాల, మాదిగ పల్లెల బీదలు. ఎడ్లబండిపై ఊరూర తిరిగి వారికి బోధించెను. బాప్తిస్మము పొందినవారు తమ తలపై చేయి యుంచుకొని, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమయని ఒప్పుకొనునట్లు చేసెను. 1941 నాటికి ఆ అధ్యక్ష మండలములోని క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి.

కథెడ్రలు కట్టునప్పుడు ఆయన ఇంగ్లండు దేవాలయములను అనుకరింపలేదు. మసీదులను తలపించు గుమ్మటములు, మినారులు, హిందూ ఆలయములను తలపించు స్తంభములు ఒక్క కట్టడములో కూర్చబడెను. ఏండ్ల తరబడి పని సాగి, 1939 జనవరి 6న, ప్రత్యక్షతా పండుగ దినమున, అది ప్రతిష్ఠింపబడెను. గుడి వాకిట నిలుచుటకైనను అర్హత లేదనిపించుకొన్న జనులు ఆ ద్వారములగుండ తలయెత్తి ప్రవేశించిరి.

1945 జనవరి 1న ఆయన ప్రభునందు నిద్రించెను. సంఘములు ఏకము కావలెనని ఆయన పడిన ప్రయాస 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించెను. ఆయన ఆ దినమును చూడలేదు.

ప్రియ చదువరీ, రాతి ద్వారములు తెరచుట సులభము. పొరుగువానికి స్నేహద్వారము తెరచితిమా? అజరయ్యగారు ఎడిన్‌బరోలో అడిగినది నేడు మనలనును అడుగుచున్నది.