శ్రీ పాములపర్తి వేంకట నరసింహారావుగారు: దేశరక్షణము, సభాపరీక్ష

మహాభారతమున సభాపర్వమునందు నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి, కుశలప్రశ్నల నెపమున రాజ్యతంత్రమంతయు పరీక్షించును. కోటలలో ధాన్యము, జలము, ఆయుధములు నిండుగా నున్నవా, భటులకు జీతములు వేళకు అందుచున్నవా, ఆదాయమునకు మించి వ్యయము జరుగుట లేదు గదా, ప్రభువు కొఱకు ప్రాణము విడిచినవారి భార్యలను పోషించుచున్నావా అని ఒకదాని వెంట నొకటిగా అడుగును. ధర్మరాజు ఆ ప్రశ్నలకు నొచ్చుకొనక వినయముతో బదులు చెప్పెను. నేడు రాజులు లేరు. ఆ ప్రశ్నల నడుగు అధికారము ప్రజలు ఎన్నుకొన్న పార్లమెంటునకు సంక్రమించినది. తెలుగునేలపై పుట్టి, భారత ప్రధానియై, ఆ ప్రశ్నలను అడుగుటకు సభకు స్థిరమైన యేర్పాటు కల్పించి, మరల ఆ సభ యెదుట తానే నిలిచి సమాధానము చెప్పవలసి వచ్చినవారు శ్రీ పాములపర్తి వేంకట నరసింహారావుగారు.

వీరు 1921 జూన్ 28వ తేదీన ఓరుగల్లు ప్రాంతమున నర్సంపేటకు చేరువనున్న లక్నేపల్లి గ్రామమున జన్మించిరి. బాల్యముననే కరీంనగరు జిల్లా వంగర గ్రామమునకు దత్తు వెళ్లిరి. వ్యవసాయ కుటుంబము, భూవసతి కలవారు. నిజాము రాజ్యమున 1938లో విద్యార్థులు వందేమాతరము పాడరాదని నిషేధము విధింపబడగా, దానిని ధిక్కరించి చదువు పోగొట్టుకొన్న విద్యార్థులలో వీరొకరు. నాగపూరు విశ్వవిద్యాలయము అట్టివారిని ఆదరించినది. పూనాలో విజ్ఞానశాస్త్రమును, నాగపూరులో న్యాయశాస్త్రమును అభ్యసించిరి. పదికి మించిన భాషలు నేర్చిరి. విశ్వనాథవారి వేయిపడగలును హిందీలోనికి సహస్రఫణ్ అను పేర అనువదించినవారు వీరే. రాజకీయములలో మునిగినవారు పుస్తకములను మఱచుట లోకమున సాధారణము. వీరి విషయమున అట్లు జరుగలేదు.

1947, 1948 సంవత్సరములలో నరసింహారావుగారు చాందాలోని కాంగ్రెసు శిబిరమున నుండి, నిజాము పాలనపై సాగిన సరిహద్దు పోరాటమునకు తోడ్పడిరి. అదే కాలమున మన ప్రాంతము మఱియొక సరిహద్దుగా నుండెను. నల్లగొండ జిల్లా నడుమ నున్నను మునగాల పరగణా కృష్ణా జిల్లాకు చెందిన ఇంగ్లీషు ఇలాకా. (హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో మునగాల రాజావారు ముఖ్యులను సంగతి గ్రంథాలయాభిమానులు ఎఱిగినదే.) 1948 సెప్టెంబరు 13వ తేదీన విజయవాడ వైపునుండి బయలుదేరిన భారతసేన ఉదయము ఎనిమిదిన్నర గంటలకే కోదాడ చేరి, అపరాహ్ణమునకు మునగాలకు వచ్చెను. మరునాడు సూర్యాపేట వశమయ్యెను. వెనుదిరిగిన నిజాము సైన్యము మూసీ వంతెనను ధ్వంసము చేసి పోయెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. సైన్యమనగా నేమో, దాని రాకపోకలకు రోడ్డు, వంతెన, విడిది ఎంత ముఖ్యములో ఈ త్రోవపై నున్న గ్రామములు కన్నులార చూచినవి.

తరువాతి చరిత్ర అందఱకును తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పిన చాలును. 1957 మొదలు ఇరువదియేండ్లు మంథని నుండి శాసనసభ్యులు, రాష్ట్రమంత్రి, 1971 సెప్టెంబరు మొదలు 1973 జనవరి వరకు ముఖ్యమంత్రి. భూసంస్కరణలకు పూనుకొని అనేకులకు కంటగింపైరి. నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల 1971లో వెలసినది వీరి పూనికచేతనే. 1977లో హనుమకొండ నుండి లోక్ సభకు ఎన్నికై, విదేశాంగ, హోం శాఖలను నిర్వహించి, 1984 డిసెంబరు చివర రక్షణమంత్రియై 1985 సెప్టెంబరు వరకు ఆ శాఖను చూచిరి.

1991 జూన్ 21వ తేదీన ప్రధానమంత్రి పదవి స్వీకరించునాటికి దేశపు పరిస్థితి దుర్భరముగా నుండెను. విదేశ మారకద్రవ్యము కొద్ది వారముల దిగుమతులకు మాత్రమే చాలునట్లుండెను. బంగారమును విదేశపు బ్యాంకులలో కుదువ పెట్టవలసి వచ్చెను. అదే సంవత్సరము డిసెంబరులో సోవియట్ యూనియను విచ్ఛిన్నమాయెను. మన సైన్యమునకు గల విమానములు, టాంకులు, జలాంతర్గాములలో పెక్కు ఆ దేశమునుండి వచ్చినవే. వాని విడిభాగముల నిచ్చు కర్మాగారములు ఒక్కసారిగా వేర్వేరు రాజ్యములలో పడినవి. యంత్రమున్నను మరమేకు లేనిచో అది పనిచేయదు గదా! ధనము లేదు, సరఫరా లేదు, సభలో సంపూర్ణమైన మెజారిటీయు లేదు. రక్షణశాఖను తొలుత శరద్ పవారు చూచిరి; 1993 మార్చి మొదలు ప్రధానియే దానిని తన చేత నుంచుకొనిరి. సహాయమంత్రిగా మహబూబ్ నగరు సభ్యులగు శ్రీ మల్లికార్జున్ గారు పని చేసిరి.

అంతవరకు రక్షణవ్యయముపై సభకు గల తనిఖీ ఎట్లుండెనో చూడదగినది. ప్రతి సంవత్సరము వేలకోట్ల పద్దులు సభ ముందుకు వచ్చును. చర్చకు గడువు కొద్ది గంటలు. గడువు ముగిసిన పిమ్మట మిగిలిన శాఖల పద్దులన్నియు చర్చ లేకయే ఒక్క పెట్టున ఓటునకు పెట్టబడును. గ్రామపు జమాబందీలో ఎకరమునకు శిస్తు ఎంతయని పహాణీ తిరుగవేసి అడుగుదురు. దేశపు మిక్కిలి పెద్ద ఖర్చులలో ఒకదానికి అంతపాటి విచారణయు దుర్లభముగా నుండెను. లెక్కల సంఘము, అంచనాల సంఘము ఉండెను గాని, వానికి అన్ని శాఖలును చూడవలసిన భారము. ఐనను అంచనాల సంఘము 1992లో సైన్యపు బలము, మానవవనరులు, విధానము అను విషయములపై ఒక నివేదిక సమర్పించి, దేశమునకు స్పష్టమైన రక్షణవిధానము కావలెనని పట్టుపట్టెను.

1993 మార్చి చివర పార్లమెంటు శాఖలవారీగా 17 స్థాయీసంఘములను నెలకొల్పెను. ఆనాడు ఒక్కొక్క సంఘమున లోక్ సభనుండి 30 మంది, రాజ్యసభనుండి 15 మంది, మొత్తము 45 మంది సభ్యులుండిరి. మంత్రులు ఇందులో సభ్యులు కారాదు. వానిలో రక్షణశాఖకు ఒక సంఘము ప్రత్యేకముగా నేర్పడెను. బడ్జెట్టు వచ్చిన తరువాత సభ కొన్నివారములు వాయిదా పడును. ఆ వ్యవధిలో సంఘము శాఖాధికారులను పిలిపించి, పద్దు వెంట పద్దు విచారించి, నివేదిక సమర్పించును. దాని సిఫారసులకు ప్రభుత్వము కట్టుబడవలసిన పనిలేదు. కాని సమాధానము చెప్పక తప్పదు. సూర్యాపేటలో బండి నడుపువాడును, మిర్యాలగూడలో ధాన్యము మరపట్టించువాడును చెల్లించు పన్నులో కొంత ఫిరంగికిని, కొంత జవాను బూటుకును పోవునప్పుడు, దానిని అడుగువారు ఒకరుండుట న్యాయమే.

ఐతే అదే సంవత్సరము జూలైలో ప్రభుత్వముపై వచ్చిన అవిశ్వాస తీర్మానము 251కి 265 ఓట్లతో వీగిపోయినపుడు, కొందఱు సభ్యుల ఓట్లు ధనముతో సేకరింపబడినవను ఆరోపణ పుట్టెను. క్రింది న్యాయస్థానము 2000లో నరసింహారావుగారిని దోషిగా నిర్ణయించెను. ఢిల్లీ హైకోర్టు 2002లో ఆ తీర్పును కొట్టివైచి విముక్తులను చేసెను. 1992 డిసెంబరు 6న అయోధ్యలో జరిగినదానికిని వీరిపై పడిన నింద తొలగిపోలేదు. జీవితము వ్రాయునపుడు ఖర్చు వైపు పద్దులను దాచుట ధర్మము కాదు.

1993 సెప్టెంబరు 7వ తేదీన పెకింగ్ నగరమున, వాస్తవాధీనరేఖ వెంబడి శాంతిని కాపాడుటకు చైనాతో ఒడంబడిక కుదిరెను. రెండు పక్షములును బలప్రయోగము చేయరాదనియు, బెదిరింపరాదనియు అందలి సారము. మంచుకొండలపై సేనలను నిలుపుటకు అగు వ్యయమును ఆనాటి బొక్కసము భరింపజాలదను ఎఱుకయు దీని వెనుక నుండెను. 1994 ఫిబ్రవరి 22వ తేదీన ఉభయసభలును, జమ్మూకాశ్మీరము భారతదేశమున అవిభాజ్యమైన భాగమనియు, పాకిస్తాను ఆక్రమించిన ప్రాంతములను ఖాళీ చేయవలెననియు ఏకగ్రీవముగా తీర్మానించెను. ఆ దినములలోనే జెనీవాకు వెళ్లిన భారత ప్రతినిధివర్గమునకు ప్రతిపక్ష నాయకులగు వాజపేయిగారిని ముందుంచుట నరసింహారావుగారి నేర్పు. దేశరక్షణము పార్టీల హద్దులలో ఇమిడెడి వస్తువు కాదని వీరు గ్రహించిరి.

ఇక 1995 మే 16వ తేదీ. లోక్ సభలో సభ్యులు ప్రధానిని సూటిగా ప్రశ్నించిరి: ఈ దేశమునకు రక్షణవిధానమనునది ఉన్నదా, ఉన్నచో అది ఎక్కడ? నరసింహారావుగారి సమాధానము విచిత్రమైనది. ఆ పేరు గల పత్రమేదియు లేదని ఒప్పుకొనిరి. పత్రము లేకున్నను విధానము లేకపోలేదనియు, కొన్ని సూత్రములను ప్రభుత్వము నియమముగా పాటించుచున్నదనియు వివరించిరి. భూమిపైనను, సముద్రముననను, ఆకాశముననను, ద్వీపములతో సహా దేశపు సరిహద్దులను కాపాడుట. మతము, భాష, జాతి, ఆర్థిక అసంతృప్తి మున్నగు కారణములచే లోపల చీలిక రాకుండ చూచుట. ఇరుగుపొరుగు దేశములతో మన ప్రయోజనములకు అనుకూలమైన మైత్రి నెఱపగల పలుకుబడి కలిగియుండుట. చిన్న పొరుగురాజ్యములు అస్థిరమై మనకు ముప్పు కలుగకుండ, అవసరమైనచో దేశము వెలుపల కూడ పనిచేయగల శక్తి నుంచుకొనుట అనునవి వాని సారము.

సమాధానము చక్కనిదే. సూత్రములందు లోపము చూపుట కష్టము. కాని వ్రాతలో లేని లెక్కకు ఒక చిక్కు గలదు. వ్రాసికొన్నవాని తల ఉన్నంతవఱకే అది లెక్క. తరువాత వచ్చువాడు దేనితో సరిచూచుకొనవలెను? ఎంత సేన ఏ పనికి కావలెనో ముందుగా నిర్ణయించినగాని, ఆ సేనకు ఏ నేర్పు నేర్పవలెనో, ఏ ఆయుధము కొనవలెనో, అందుకు ఎంత ధనము చాలునో తేలదు. ఆ సంవత్సరపు రక్షణ బడ్జెట్టు రమారమి 25,500 కోట్ల రూపాయలు. ప్రతిపక్ష కమ్యూనిస్టు నాయకులగు ఇంద్రజిత్ గుప్తా అధ్యక్షతన రక్షణ స్థాయీసంఘము ఈ విషయమునే పట్టుకొని, విధానము, ప్రణాళిక, నిర్వహణ అను మూడింటిపై 1996 మార్చిలో నివేదిక సమర్పించెను. ప్రధాని చెప్పిన సూత్రములను అందులో పొందుపఱచి, వ్రాతపూర్వకమైన విధానము లేకుండుటను తప్పుపట్టెను. తాను కల్పించిన యేర్పాటే తన్ను నిలదీయుట చూచి నరసింహారావుగారు దానికి అడ్డుపడలేదు. ఇది వారి గొప్ప.

సభకు చెప్పనిదియు ఒకటి యుండెను. హైదరాబాదు కంచన్ బాగ్ ప్రయోగశాలలో రూపొందిన అగ్ని క్షిపణి 1989లో తొలిసారి ఎగిరి, 1992లో విఫలమై, 1994 ఫిబ్రవరిలో మరల విజయవంతమాయెను. అటుపిమ్మట వీరి కాలమున అది ఎగురలేదు. అమెరికా ఒత్తిడికి లొంగిరని ప్రతిపక్షములు దుయ్యబట్టినవి. నరసింహారావుగారు మౌనము వహించిరి. 1995 డిసెంబరులో పోఖరాను ఎడారిలో అణుపరీక్షకు సన్నాహములు సాగగా, అమెరికా ఉపగ్రహములు పసిగట్టెను, పరీక్ష ఆగిపోయెను. 1998 మేలో వాజపేయి ప్రభుత్వము ఆ పరీక్షలను జరిపెను. సర్వము సిద్ధముగా నుంచి తనకు అప్పగించినవారు నరసింహారావుగారే యని వాజపేయిగారు, వీరి మరణానంతరము వెల్లడించిరి. రహస్యమును దాచనిచో కార్యము చెడును. సమస్తమును రహస్యమన్నచో సభ యెందుకు? ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయవలెనో వీరు తమ మనసులోనే నిర్ణయించుకొనిరి గాని, ఎవరికిని చెప్పలేదు.

1996 మేలో ఎన్నికలలో ఓడి పదవి వీడిరి. కేసులతో, ఒంటరితనముతో చివరి యేండ్లు గడచినవి. ఆ కాలముననే వెలువడిన వీరి ఆంగ్ల నవల తెలుగులో లోపలి మనిషి అను పేర వచ్చినది. 2004 డిసెంబరు 23వ తేదీన ఢిల్లీలో పరమపదించిరి. అంత్యక్రియలు హైదరాబాదున హుస్సేన్ సాగరు తీరమున జరిగినవి. 2024లో భారతరత్నము ప్రకటింపబడెను.

చైనాతో 1993లో మొదలైన త్రోవలోనే 1996 నవంబరులో మఱియొక ఒడంబడిక కుదిరెను. రేఖకు రెండు కిలోమీటర్లలోపల తుపాకి పేల్చరాదని అందు నియమము. 1975 తరువాత నలువదియైదేండ్లు ఆ రేఖపై ఘర్షణలో సైనికుడు మరణింపలేదు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో ఆ శాంతి భగ్నమాయెను. తుపాకులు పేలలేదు, రాళ్లు, మేకులు దిగిన కఱ్ఱలతో పోరు జరిగెను. బీహారు రెజిమెంటు 16వ బెటాలియను నాయకులు, సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు, మఱి పందొమ్మిదిమంది వీరమరణము నొందిరి. ఆయనకు మహావీరచక్రము లభించెను. మరుసటి సంవత్సరము అదే తేదీన సూర్యాపేటలో విగ్రహము వెలసెను. ఆ ఒడంబడికలు నలుబదియేండ్ల శాంతిని నిలిపినవందురు కొందఱు. మన జవాను చేతులు కట్టివైచినవందురు మఱికొందఱు. ఇందు మొదటి మాట సగమే నిజము. ఆ శాంతిలో పదునెనిమిదేండ్లు 1993కు పూర్వమే గడచినవి. రెండవ మాటయు సగమే నిజము. ఒప్పందమును తెంచినవాని దోషము, దానిని పాటించినవానిది కాదు.

ఆ సెప్టెంబరు 15వ తేదీన రక్షణమంత్రి లోక్ సభలో సరిహద్దు స్థితిపై ప్రకటన చేసిరి. దానిపై మాటలాడుటకు అనుమతి దొరకలేదని కాంగ్రెసు సభ్యులు వెలుపలికి నడచిరి. రెండు దినముల తరువాత రాజ్యసభలో అదే ప్రకటన జరిగినపుడు, కొందఱు సభ్యులకు లేచి ప్రశ్నించు అవకాశము లభించెను.